రొట్టె నడుమ చిల్లు

త్బిలిసీలో జూన్ వస్తే
అందరూ సముద్రం వైపు బండి కడతారు.
నేను పదకొండు మెట్లు దిగి
నేలమాళిగలో పనికి కుదిరాను.

మా కిటికీ రోడ్డుకి చీలమండ ఎత్తులో ఉంటుంది.
మాకు ఊరంటే చెప్పులే.
తెగిన పట్టీకి పిన్నీసు పెట్టిన చెప్పు: రెండు రొట్టెలు.
పాలిష్ బూటు: ఒకటి, అదీ చిల్లర లేదంటుంది.
ఎర్ర మడమలు శనివారం మాత్రమే, నాలుగు.

పొయ్యి అంటే పొయ్యి కాదు,
మనిషి నిలబడి దాక్కోగలిగినంత మట్టి బాన.
నడుము దాకా అందులోకి వంగి, ఊపిరి బిగబట్టి
పడవలా సాగదీసిన పిండిని
లోపలి గోడకి చరచాలి.
నా మొదటి రొట్టె జారి నిప్పుల్లో పడింది.
రెండోదీ అంతే.
మూడోదానికి ఎడమ చేతి మీది నూగు కమురు కంపు కొట్టింది.
"ఇప్పుడు కుదిరింది," అంది త్సిసానా.
రొట్టె గురించో చేతి గురించో చెప్పలేదు.

ముప్ఫై ఏళ్లుగా ఆమె బొటనవేలు
ప్రతి పడవకీ నడిమధ్య ఒక్క చిల్లు పెడుతుంది.
ఆవిరి పోవడానికట. లేకుంటే పొంగి గోడని వదిలేస్తుందట.
సెప్టెంబరులో నేను మళ్లీ రాయాల్సిన పరీక్షా ఇదే,
వేడికి ఏ వస్తువు ఎంత సాగుతుందో.
పుస్తకం పిండి సంచుల మీద తెరిచే ఉంచాను.
నలభై మూడో పేజీ మీద ఎవరో జున్ను పెట్టుకు తిన్నారు.

మధ్యాహ్నం పిడతలో ఉడికిన చిక్కుడు గింజలు,
నాలుక జివ్వుమనే పచ్చి ప్లమ్ పచ్చడి,
పట్టుకుంటే చెయ్యి కాలే రొట్టె,
గడ్డి రంగు సోడా.
ఆకలి రుచి ఎరుగదంటారు.
అన్నవాళ్లెవరూ తెల్లవారుజామున లేచి పిండి పిసికి ఉండరు.

ఆదివారాలు నావి.
ఖాతియా, సాబా, నేను
మినీబస్సులో కిటికీ సీటు కోసం కొట్టుకుంటూ
కొండ దారిలో పసనౌరి దాకా.
అక్కడ రెండు ఏర్లు కలుస్తాయి, ఒకటి నలుపు, ఒకటి తెలుపు.
కలిశాక కూడా కొంత దూరం
ఒకే మంచం మీద అలిగిన మొగుడూపెళ్లాల్లా
ఎవరి రంగు వాళ్లదే.
ఖింకాలీని ముడి పట్టుకుని, కొరికి, రసం జుర్రి
ముడి పళ్లెంలో వదిలేయాలి.
చివర్న ముడులు లెక్కపెడతారు. సాబావి ఇరవై రెండు.
నావి ఏడు.
పర్సు చూసుకుని ఆగాను, పొట్ట చూసుకుని కాదు.

ఆగస్టులో చిల్లు పక్కకి జరిగింది.
మొదట వేలెడు. తర్వాత అంచుకి.
చిల్లు తప్పిన రొట్టెలు ఒక్కొక్కటే
గోడ వదిలి బూడిదలోకి.
దీపం కింద త్సిసానా కుడి కంట్లో
పాలచుక్క లాంటి మసక.

యజమాని గోచా వచ్చి బానలోకి తొంగి చూశాడు.
"ఎవరు?"
"నేనే," అన్నాను. "రాత్రంతా చదివాను, నిద్రమత్తు."
నిజంగా చదివి ఉంటే బాగుండేది.
రోజుకి మూడు లరీల కోత.

ఆ ఆదివారం పసనౌరికి డబ్బు చాలలేదు.
సిటీ బస్సులో లిసీ చెరువు దాకా వెళ్లి,
పుచ్చకాయలో సగం కొని, చెంచా లేక
కాలేజీ గుర్తింపు కార్డుతో తవ్వుకు తిన్నాం.
ఫోటోలో నా మొహమంతా ఎర్ర రసం.
సాబా నవ్వి నవ్వి నీళ్లలో పడ్డాడు.

సోమవారం నుంచి కొత్త పద్ధతి. ఎవరం చెప్పుకోలేదు.
పిండి ఆమె సాగదీస్తుంది,
బల్ల మీద రెండుసార్లు తడుతుంది.
చిల్లు నేను పెడతాను.
రొట్టెలు పడటం మానేశాయి,
గోచా కోత మానలేదు.

ఆఖరి రోజు నా సంచిలో
వేడి రొట్టె ఒకటి పెట్టి పంపింది.
ఇంటికొచ్చి తీస్తే, అడుగున గుడ్డ మూటలో చిల్లర.
యాభై ఏడు లరీలు.
పంతొమ్మిది రోజులు, మూడేసి చొప్పున.

పరీక్షలో వేడి ప్రశ్న రానే వచ్చింది.
సూత్రం సగం గుర్తొచ్చింది.
మిగతా సగం కోసం కిటికీలోంచి చూస్తూ
ఎడమ చెయ్యి గోక్కున్నాను.
నూగు మళ్లీ మొలుస్తోంది,
ఒకటే దురద.